షుగర్ ఎనభై నాలుగు, మీ వెంకటాద్రి

హైదరాబాద్,
సెప్టెంబరు.

బాబాయ్‌కి భార్గవి నమస్కారం.

నువ్వు ఫోన్లో ఆఁ, ఊఁ తప్ప ఇంకేమీ మాట్లాడటం లేదని పిన్ని చెప్పింది. కారణమూ చెప్పింది. మన వర్గంలో సగం మంది గోడ మీద పిల్లులని నువ్వు ఎవరితోనో అంటే, మధ్యాహ్నానికల్లా అది నీ గొంతుతోనే ఊరి వాట్సాప్ గ్రూపులో మోగిందట. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చదివి చింపేస్తావో, బీరువాలో పెట్టి తాళం వేస్తావో నీ ఇష్టం.

అసలు సంగతేమిటంటే, నా పీహెచ్‌డీకి నెత్తురు కావాలి. షుగర్ ఉన్నవాళ్లది, లేనివాళ్లది, రెండు రకాలూ. అందరూ ఒకే తిండి తిని ఒకే నీళ్లు తాగే చోటివాళ్లయితే మంచిది, వయసు నలభై దాటాలి. మనిషి నెత్తుటిలో మైక్రో ఆర్ఎన్ఏలని చాలా చిన్నవి తిరుగుతుంటాయి. షుగర్ వచ్చేముందు వాటిలో ఏం తేడా వస్తుందో చూడటమే నా పని. మా గైడ్ సుధీర్ బాబు గారు మన ఊరికి ఒప్పుకున్నారు, అనుమతులన్నీ వచ్చాయి. జనాన్ని కూర్చోబెట్టే మనిషి కావాలి. అది నీకంటే బాగా ఎవరికి చేతనవును?

ఈ పని నేనెందుకు ఎంచుకున్నానో నీకు చెప్పక్కర్లేదు. నాన్న తన జబ్బు దాచుకోకుండా ఉంటే ఈ ఉత్తరం ఆయనకే రాసేదాన్ని.

పిన్నికీ, నవీన్‌కీ, మీ కొత్త కోడలు దేవికకీ నేను అడిగానని చెప్పు.

భార్గవి


గురజాల,
సెప్టెంబరు.

చిరంజీవి భార్గవికి, బాబాయి వెంకటాద్రి కాలువ గట్టు మీద నిలబడి ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం ముట్టింది. మీ నాన్న పేరు తెచ్చావు కాబట్టి కాదనే ప్రశ్న లేదు. తేకపోయినా కాదనేవాణ్ణి కాదు. నీటి సంఘం అధ్యక్షుడి ఎన్నిక దగ్గర పడుతోంది, నేను నిలబడుతున్నా, అవతల రవిచంద్ర. ఇలాంటి సమయంలో హైదరాబాద్ నుంచి సైంటిస్టులు మన షామియానా కిందకు రావడం నాకూ కలిసొచ్చేదే. కాకపోతే షామియానా మన గోడౌను ముందే వేయాలి. రవిచంద్ర మిల్లు దగ్గర వేస్తే మనవాళ్ల నెత్తురు బొట్టు కూడా రాలదు.

ఒక్క చిక్కుంది. ఆ మైక్రో ఏదో, అదేందో నాకు ఖరారుగా చెప్పు. రవిచంద్ర నలుగురిలో అడుగుతాడు. నేను నోరెళ్లబెట్టకూడదు. వ్యవసాయం చేసేవాడికి అర్థమయ్యేటట్టు రాయి, ఇంగ్లీషు తగ్గించు.

ఇట్లు,
వెంకటాద్రి


హైదరాబాద్,
అక్టోబరు.

బాబాయ్,

మేజర్ కాలువ ఉంది కదా, అది జన్యువు అనుకో. అందులోంచి పొలానికి పోయే పిల్లకాలువ మెసెంజర్ ఆర్ఎన్ఏ. పొలంలో పండేది ప్రొటీన్. మైక్రో ఆర్ఎన్ఏ తూము దగ్గర షట్టర్ ఎత్తి దించే లస్కర్. జన్యు భాషలో ఇంచుమించు ఇరవై రెండు అక్షరాల ముక్క, అంతే. అది మేజర్ కాలువ జోలికి పోదు. పిల్లకాలువను పట్టుకుని షట్టర్ కాస్త దించుతుంది. అక్కడ పంట తగ్గుతుంది.

ఒక్కో లస్కర్ చేతిలో వందల తూములుంటాయి. ఒక్కో తూము మీద పదిమంది లస్కర్ల పెత్తనం ఉంటుంది. మరీ దించినా తంటానే, అసలు దించకపోయినా తంటానే. 375 అని నంబరున్న మైక్రో ఆర్ఎన్ఏ ఒకటి క్లోమంలో ఉంటుంది. ఇన్సులిన్ ఎంత వదలాలో చూసే లస్కర్లలో అదొకటి. అలాంటివి గతి తప్పడం షుగర్ వచ్చే దారుల్లో ఒక దారి. గుండె జబ్బుల్లో, క్యాన్సర్లలో కూడా ఇలాంటి గొడవలే. ఈ లస్కర్లు కొందరు అవయవాల్లోంచి నెత్తుటిలోకి వచ్చి తిరుగుతారు. వాళ్లను పట్టుకుని, లోపల ఏ తూము ఎలా ఉందో చెప్పగలమా అన్నదే నా ప్రశ్న. మైక్రో ఆర్ఎన్ఏను కనిపెట్టినవాళ్లకే మొన్న నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఎలీషా అనే టెక్నీషియన్ వ్యాన్ తీసుకుని వస్తాడు. పరగడుపున రావాలి. రెండు వరసల కుర్చీలు వేయించు, షుగర్ ఉన్నవాళ్లకు ఒకటి, లేనివాళ్లకు ఒకటి. ఎవరి వరసలో వాళ్లు కూర్చోవాలి, అదే ముఖ్యం. ఈ పరిశోధన అంతా ఆ రెండు వరసల మీదే నిలబడి ఉంది.

భార్గవి


గురజాల,
అక్టోబరు.

అమ్మాయ్ భార్గవీ,

క్యాంపు దర్జాగా జరిగింది. రవిచంద్ర అనుకున్నట్టే వచ్చి, మైక్రో ఆర్ఎన్ఏ అంటే ఏంది బావా అన్నాడు. లస్కర్ సంగతి చెప్పా. నోబెల్ వచ్చిన సరుకని కూడా చెప్పా. ఇప్పుడు ప్రతి మీటింగులో, నేను మైక్రో ఆర్ఎన్ఏ లాంటోణ్ణి, చిన్నోణ్ణే గానీ నా చెయ్యి పడకుండా ఏ తూమూ కదలదు అంటున్నా. చప్పట్లు కొడుతున్నారు.

నువ్వు అడిగిన వరసల విషయంలో చిన్న ఇబ్బంది వచ్చింది. ముందుగా మా వర్గం వచ్చి ఆరోగ్యవంతుల వరసలో కూర్చుంది. తర్వాత రవిచంద్ర వర్గం వచ్చింది. వాళ్లు షుగర్ వరసలో కూర్చుంటే ఆ వర్గమంతా రోగిష్టిదని మేమంటామని వాళ్ల భయం. అందుకని వాళ్లూ ఇటే కూర్చున్నారు. కుర్చీలు చాలక గోడౌన్‌లోంచి మిర్చి బస్తాలు తెచ్చి వేశాం. అవతలి వరసలో మోటారు మెకానిక్ షఫీక్ ఒక్కడే మిగిలాడు. అతను ఏ వర్గమూ కాదు. ఎలీషా రెండుసార్లు అడిగాడు, నిజంగా ఇంకెవరికీ షుగర్ లేదా అని. మా ఊళ్లో నీళ్లు అట్లాంటివని చెప్పా.

నాది మాత్రం అక్కడ ఇవ్వలేదు. అందరినీ చూసుకోవడంతో తీరలేదు. ఎలీషా దగ్గర గొట్టం తీసుకుని, మర్నాడు పొద్దున ఇంట్లోనే ఇచ్చా. దేవిక నర్సింగ్ చదివి నరసరావుపేటలో పనిచేసిన పిల్ల, చెయ్యి చానా తేలిక.

వెంకటాద్రి


హైదరాబాద్,
నవంబరు.

బాబాయ్,

ముందుగా మామూలు షుగర్ పరీక్షలు అయ్యాయి. ఎవరి ఫలితం వాళ్లకు కవర్లో పెట్టి ఎలీషా చేత పంపాను. పేర్లు చెప్పకూడదు, చెప్పను. కానీ మీ ఆరోగ్యవంతుల వరసలో సగానికి సగం మందికి షుగర్ ఉంది. అందులో కొందరిది చూసి సుధీర్ బాబు గారు కుర్చీలోంచి లేచారు. నీళ్ల మహిమ గురించి నేనింకేం రాయను.

వాళ్లు కవర్లు తెరిచి డాక్టర్ దగ్గరికి వెళ్లేలా చూడు. నా పరిశోధన తర్వాత సంగతి, ముందు వాళ్లు బతకాలి.

నీది నీకు చెప్పడంలో తప్పు లేదు. ఎనభై నాలుగు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి, అదీ పిన్ని చేతి పూర్ణం బూరెలు తినే మనిషికి, ఇది చాలా బాగుంది. నాకు ఎంత నిశ్చింతగా ఉందో చెప్పలేను. నాన్న తర్వాత నీ గురించే భయపడుతుండేదాన్ని.

భార్గవి


గురజాల,
నవంబరు.

అమ్మాయ్,

కవర్లు ఎవరూ తెరవలేదు. ఎన్నిక అయ్యాక తెరుస్తారట. ప్రస్తుతం అన్నీ దేవుడి పటాల వెనక ఉన్నాయి.

నాది మాత్రం నేను తెరిచా. తెరవడమే కాదు, బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించా. నా నిలువెత్తు ఫొటో, చేతిలో వరికంకి, పైన పెద్దక్షరాలతో "షుగర్ ఎనభై నాలుగు, మీ వెంకటాద్రి". కింద "ఆరోగ్యవంతుడికే ఓటు". మాచర్ల పోయే బస్సులన్నీ అక్కడ నెమ్మదిస్తున్నాయి. రవిచంద్ర రెండు రోజులుగా బయటికి రాలేదని చెప్పుకుంటున్నారు.

దేవిక మాత్రం ఆ ఫ్లెక్సీ చూసి తలకాయ పట్టుకుంది. చదువుకున్న పిల్లలకు రాజకీయం ఎక్కదు.

వెంకటాద్రి


హైదరాబాద్,
నవంబరు.

బాబాయ్,

ఈ ఉత్తరం అందగానే బయలుదేరి రా. నీ నెత్తురు ఇంకొక్క గొట్టం కావాలి, నేనే తీసుకుంటాను. ఇక్కడ ఒక డాక్టరు గారితో కూడా మాట్లాడి ఉంచాను. ఫోన్ చేస్తే ఆఁ ఊఁ అని పెట్టేశావు. కారణం అడక్కుండా రా. పిన్నిని కంగారు పెట్టకు.

భార్గవి


గురజాల,
నవంబరు.

అమ్మాయ్ భార్గవీ,

ఇప్పుడు కదిలే పరిస్థితి లేదు. కాలువ చివరి భూముల రైతులు ఇంకా ఎటూ తేలలేదు, నేను ఊరు దాటానంటే రవిచంద్ర వాళ్ల ఇళ్లల్లో కూర్చుంటాడు. నెత్తురు కావాలంటే ఇక్కడే తీసి పంపిస్తాం, అంతమాత్రానికి నేను రావడమెందుకు? మొదటిది ఎవరు తీశారో ఆ పిల్లే తీస్తుంది. ఒకటి కాకపోతే రెండు గొట్టాలు పంపుతా.

డాక్టరు గారి దగ్గరికి ఎన్నిక అయ్యాక తీరిగ్గా వెళ్లొచ్చు. నేను గుండ్రాయిలా ఉన్నా. ఫ్లెక్సీ కూడా అదే చెబుతోంది.

వెంకటాద్రి


హైదరాబాద్,
డిసెంబరు.

బాబాయ్,

చెప్పకుండా రప్పించాలనుకున్నాను, నువ్వు కుదరనివ్వలేదు. కాబట్టి వివరంగా రాస్తున్నాను, కూర్చుని చదువు.

నీ పేరున వచ్చిన నెత్తుటిలో కొన్ని మైక్రో ఆర్ఎన్ఏలు కనిపించాయి. అవి గర్భిణుల మాయలో, అంటే ప్లసెంటాలో, పుట్టే రకం. బిడ్డ కడుపులో ఉన్నంతకాలం తల్లి నెత్తుటిలో తిరుగుతాయి, కాన్పు అయ్యాక పోతాయి. మామూలుగా మగవాడిలో కనిపించవు. గొట్టాలు తారుమారయ్యాయేమోనని మొదటినుంచీ మళ్లీ చేశాను. మళ్లీ అవే వచ్చాయి. గర్భిణులను అసలు ఈ పరిశోధనలోకే తీసుకోలేదు.

మగవాడిలో ఇవి కనిపించే సందర్భం ఒకటుంది. కొన్ని రకాల గడ్డల్లో, ఎన్నడూ రాకూడని ఈ లస్కర్లు పుట్టుకొస్తారు. నీకు అదే ఉందని నేననడం లేదు. ఇది పరిశోధన, రోగ నిర్ధారణ కాదు. కానీ చూపించుకోకుండా ఉండటానికి వీల్లేదు.

నాకు భయంగా ఉంది బాబాయ్. నాన్న కూడా పని ఉంది, తర్వాత చూద్దాం అంటూనే ఉన్నాడు. నాకు మిగిలిన పెద్దదిక్కు నువ్వు. నీటి సంఘం ఏమైపోయినా నాకు పట్టదు.

భార్గవి


గురజాల,
డిసెంబరు.

అమ్మా భార్గవీ,

కళ్లద్దాలు కనపడక నీ ఉత్తరం మీ పిన్నికిచ్చి చదవమన్నా. నా బుద్ధి తక్కువ.

గర్భిణుల మాయ అన్నచోట శేషమ్మ ఆగిపోయింది. నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. "ఏందయ్యా, ఈ వయసులో నీకు కడుపంట?" అని ఒకటే నవ్వు. నవ్వుతూనే కిందికి చదివింది. గడ్డలు అన్న మాట వచ్చేసరికి కాగితం ఒళ్లో పడేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అట్లా ఏడవడం రెండోసారి చూశా. మొదటిసారి మీ నాన్న పోయినప్పుడు. ఇక నా వల్ల కాలేదు.

"ఏడవమాక శేషమ్మా. ఆ నెత్తురు నాది కాదు, కోడలిది" అన్నా.

జరిగింది ఇది. రెండేళ్లుగా నాకు దాహం ఎక్కువ, కాళ్లు మంటలు. నాకు షుగర్ ఉందని నాకు తెలుసు, పరీక్ష ఒక్కటే చేయించుకోలేదు. క్యాంపులో నెత్తురు ఇస్తే బయటపడుతుంది, ఇవ్వకపోతే రవిచంద్ర ఊరంతా చెబుతాడు. అందుకని గొట్టం ఇంటికి తెచ్చి, దేవికను బతిమాలా. ఆ పిల్ల తప్పు మామయ్యా అని చానాసేపు మొత్తుకుంది. ఎన్నిక అవగానే చూపించుకుంటానని నా చేత ఒట్టు వేయించుకుని, తన చెయ్యే గుచ్చుకుంది. కొత్త కోడలు, మామ అడిగితే ఎంతసేపని కాదంటుంది.

నేనీ మాట చెప్పగానే వంటింట్లో గ్లాసు పడ్డ చప్పుడైంది. శేషమ్మ ఏడుపు ఆపి అటు చూసింది. ఆ పిల్ల ఈమధ్య తిరగమోత వాసనకు పెరట్లోకి పోవడం ఇప్పుడు గుర్తొచ్చిందట. దేవిక తల వంచుకుని వచ్చింది. "మూడో నెల నిండాక చెబుదామని ఆగాం అత్తయ్యా. నెత్తురిచ్చిన రోజుకి నాకే తెలవదు" అంది. వాళ్లిద్దరూ కావలించుకున్నారు. ఆ తర్వాత మీ పిన్ని నా వైపు తిరిగి, కడుపుతో ఉన్న పిల్ల నెత్తురు ఓట్ల కోసం తీయించావా అని మొదలుపెట్టింది. ఇంకా ఆపలేదు. ఈ ఉత్తరం గోడౌన్‌లో కూర్చుని రాస్తున్నా.

నా మూలాన నువ్వు పడిన బాధకు ఏం చెప్పాలో తెలియడం లేదు. నా మీద కోపం ఉంటే తిట్టు.

వెంకటాద్రి


హైదరాబాద్,
డిసెంబరు.

బాబాయ్,

తిడుతున్నాను. నీ ఉత్తరం ల్యాబ్‌లో చదివి ఏడ్చాను, ఆ తర్వాత పగలబడి నవ్వాను. సుధీర్ బాబు గారు కంగారుపడి వచ్చి, విషయం విని, ఆయనా నవ్వారు. మన పద్ధతి ఎంత బాగా పనిచేస్తోందో చూశావా అన్నారు. ఆ గొట్టాన్ని లెక్కలోంచి తీసేశాం.

దేవికతో ఫోన్లో మాట్లాడాను. తను చెప్పకముందే నా ఉత్తరం చెప్పేసినందుకు క్షమించమన్నాను. పర్లేదు వదినా, మావాడు పుట్టకముందే మామయ్యను పట్టించాడు అంది. ఆ పిల్ల ధైర్యం నాకు నచ్చింది. కాకపోతే ఆ గొట్టం నింపింది తనే కాబట్టి తననూ కాస్త తిట్టాను.

ఇక నీ సంగతి. నాన్న షుగర్ దాచింది సర్పంచ్‌గా నిలబడ్డప్పుడు. గెలిచాడు. ఎన్నాళ్లు కూర్చున్నాడు ఆ కుర్చీలో? నువ్వు అచ్చం అదే చేశావు, పైగా ఫ్లెక్సీ కట్టి మరీ చేశావు. నువ్వు ఆరోగ్యవంతుల వైపు నిలబడ్డావు కాబట్టే ఊరంతా అక్కడ కూర్చుంది. ఆ కవర్లు పటాల వెనక ఉన్నంతకాలం వాళ్ల కళ్లు, కాళ్లు, కిడ్నీలు కరిగిపోతూనే ఉంటాయి. నా పీహెచ్‌డీ పోతే ఇంకోటి చేసుకుంటాను.

ఎలీషా మళ్లీ వస్తున్నాడు. ఈసారి షామియానా వద్దు, ఉపన్యాసం వద్దు. నాకు నీ పలుకుబడి అక్కర్లేదు బాబాయ్, నీ చెయ్యి కావాలి. నీ కుర్చీ ఏ వరసలోదో నీకు తెలుసు.

భార్గవి


గురజాల,
డిసెంబరు.

అమ్మా భార్గవీ,

క్యాంపు అయింది. షామియానా వేయలేదు. రెండు వరసల కుర్చీలు మాత్రం వేయించా. ఈసారి బస్టాండు దగ్గర, నా ఫ్లెక్సీ కిందే వేయించా.

జనం వచ్చి మళ్లీ అటే కూర్చున్నారు. ఇటు షఫీక్ ఒక్కడే. నేను ఇటు నడిచా. షఫీక్ లేచి, "పెద్దాయనా, ఇది షుగర్ వరస" అన్నాడు. "తెలుసులేరా" అని కూర్చున్నా. బస్టాండులో ఆటోవాళ్లు కూడా హారన్ కొట్టడం మానేశారు. ఎలీషా వేలి మీద గుచ్చి, మిషన్ చూసి, గట్టిగా చదవమంటారా అని అడిగాడు. చదవమన్నా. రెండు వందల అరవై ఎనిమిది. పైన ఫ్లెక్సీలో నేను ఎనభై నాలుగు అని నవ్వుతూ ఉన్నా.

తమాషా చూద్దామని రవిచంద్ర వచ్చాడు. వచ్చినవాడు నవ్వలేదు. జేబులోంచి సగం వాడిన మాత్రల అట్ట తీసి నాకు చూపించాడు. "నాలుగేళ్ల నుంచి మింగుతున్నా బావా. మా ఇంటామెకు కూడా తెలవదు" అని నా పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత అవతలి వరసలోంచి ఒక్కొక్కరే లేచారు. కుర్చీలు మోసుకుని మరీ ఇటు వచ్చారు. వరస పాల కేంద్రం దాకా పోయింది. కొందరు ఇంటికి పోయి పటాల వెనక కవర్లు తెచ్చుకుని దేవిక చేత చదివించుకున్నారు. ఇప్పుడు నీకు షుగర్ లేనివాళ్లే కరువయ్యారు. వాళ్లను ఈపూరులోనో నూజెండ్లలోనో వెతుక్కో, నేను చేయగలిగింది ఏమీ లేదు.

నీ పరిశోధనకిచ్చే పెద్ద గొట్టానికి చెయ్యి చాపినప్పుడు అన్నయ్య గుర్తొచ్చాడు. ఆయనకు ఇట్లాంటి వరస ఎవరూ వేయలేదు. వేసుంటే కూర్చునేవాడో లేదో తెలియదు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. సూది నొప్పి అనుకుని ఎలీషా సారీ చెప్పాడు.

మాత్రలు మొదలుపెట్టా. పూర్ణం బూరెలు మీ పిన్ని తాళం వేసి పెట్టింది. తాళంచెవి కోడలి దగ్గర ఉంది. ఎన్నిక ఆదివారం. ఇద్దరికీ షుగరే కాబట్టి ఆ మాట ఎత్తడానికి లేకుండా పోయింది, ఇద్దరమూ కాలువ నీళ్ల గురించి మాట్లాడుకోక తప్పడం లేదు. ఎవరు గెలుస్తారో నాకు తెలియదు.

ఫ్లెక్సీ దించేద్దామని నవీన్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎనభై నాలుగు మీద కాగితం అంటించి రెండు వందల అరవై ఎనిమిది అని రాయించా. కింద ఓటు మాట చెరిపించా. గెలిచినా ఓడినా అది అక్కడే ఉంటుంది. నెలనెలా పరీక్ష చేయించుకుని కాగితం మార్పిస్తా. అంకె దిగేదాకా ఫ్లెక్సీ దించను.

వెంకటాద్రి